మూడింటి లెక్కల పాఠం: ఒక నవమి రోజు క్యూషీట్ కథ

ముందే ఒక మాట. నేను పనిచేసిన ఛానల్ పేరు, గుడి పేరు, మనుషుల పేర్లు ఇందులో ఉండవు. ప్రభుత్వ తెలుగు ఛానల్ అని మాత్రం చెప్తాను. అక్కడ ప్రసారాల విభాగంలో కొన్నేళ్లు ఉన్నాను, మొదట్లో నెలకి కొన్ని రోజులు క్యాజువల్‌గా, తర్వాత కాంట్రాక్టు మీద. నీ పనేంట్రా అని ఇంట్లో ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేవాణ్ణి. ప్రోగ్రాములు తీసేది నేను కాదు, వార్తలు చదివేది నేను కాదు, కెమెరా ముట్టుకున్నది లేదు. ఒక ప్రోగ్రాం అయిపోయి ఇంకోటి మొదలయ్యేచోట అతుకు వేసేవాణ్ణి. మా అమ్మ మాత్రం "మావాడు టీవీలో గంటలు కొడతాడు" అని చెప్పుకునేది. దాదాపు అంతే.

ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క శ్రీరామనవమి రోజు గురించి. ఆ రోజు మా చేతుల్లో రెండు తప్పులు జరిగాయి. ఒకటి ఊరంతా చూసి తిట్టింది. రెండోది ఎవరూ చూడలేదు, ఒక్కరే ఫోన్ చేశారు, నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ రెండోదే.

ఆ రోజు పట్టిక

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరం. ఎఫ్‌పీసీ అని ఒకటి ఉంటుంది, ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. వారంలో ఏ రోజు ఏ గంటకి ఏ రకం ప్రోగ్రాం అని ముందే ఖాయం చేసి పెట్టుకునే పట్టిక. దాన్నిబట్టి ప్రతిరోజుకీ ఒక క్యూషీట్ తయారవుతుంది, అది ముందురోజు సాయంత్రానికే సంతకాలతో సిద్ధం కావాలి. క్యూషీట్‌లో నిమిషాలు, సెకన్లే కాదు ఫ్రేములు కూడా ఉంటాయి, మన టీవీలో సెకనుకి 25 ఫ్రేములు. అరగంట ప్రోగ్రాం అంటే అరగంట ఉండదు, ఇరవయ్యారు నిమిషాలు, ఇరవయ్యెనిమిది, ఒక్కోసారి పాత రికార్డింగులు ఇరవైమూడే ఉంటాయి. మిగిలింది ప్రకటనలకి. ప్రైవేటు ఛానళ్లకి ఆ టైం చాలదు. మాకేమో ప్రకటనలు రాని స్లాట్లు బోలెడు. ఆ ఖాళీల్లో ఫిల్లర్లు వెయ్యాలి. పోచంపల్లి మగ్గం, కొల్లేరు పక్షులు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, థింసా నాట్యం, మధ్యమధ్యలో పోలియో చుక్కలు, ఓటరు నమోదు, హెల్మెట్ పెట్టుకోండి. మూడు నిమిషాల పది సెకన్ల ఖాళీకి సరిగ్గా మూడు నిమిషాల పది సెకన్ల ఫిల్లర్ దొరికిన రోజున నాకు కలిగే ఆనందం బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

ఆ నవమి రోజు క్యూషీట్ ఇలా ఉంది. పొద్దున ఐదున్నరకి భక్తి పాటలు, ఆరింటికి యోగా, ఆరున్నరకి ముందురోజు సాయంత్రం వేసిన రైతుల ప్రోగ్రాం మళ్లీ. ఏడింటికి వార్తలు. తర్వాత కర్ణాటక సంగీత కచేరీ, ఎనిమిదికి పాత హరికథ, తొమ్మిదికి పిల్లల క్విజ్. పది నుంచి పన్నెండున్నర దాకా ఒక క్షేత్రం నుంచి సీతారాముల కల్యాణం ప్రత్యక్ష ప్రసారం. పన్నెండున్నరకి స్టూడియోలో డాక్టరుగారు, వడదెబ్బ మీద ఫోనిన్. ఒంటిగంటకి వార్తలు. ఒకటింపావుకి ఒక నాటిక, రెండింటికి కూచిపూడి, మూడింటికి పదో తరగతి లెక్కలు, నాలుగింటికి చేనేత మీద డాక్యుమెంటరీ, నాలుగున్నరకి జానపద గీతాలు, తర్వాత ఉద్యోగ సమాచారం, ఆరున్నరకి రైతులతో లైవ్, ఏడింటికి వార్తలు, ఏడున్నరకి కవి సమ్మేళనం, ఎనిమిదికి సీరియల్, ఆ తర్వాత ఒక పాత సినిమా.

బయటినుంచి చూస్తే కలగూరగంపలా ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ఎప్పుడూ అనేవాళ్లు, "మీ ఛానల్లో పొద్దున భజన, మధ్యాహ్నం జ్వరం, సాయంత్రం ఎరువులు, అసలు ఎవరు చూస్తారు?" అని. నిజమే, పొద్దుట్నుంచి రాత్రిదాకా కూర్చుని ఇదంతా చూసేవాడు లోకంలో ఒకడే ఉంటాడు, డ్యూటీలో ఉన్న నేను. ఈ పట్టిక ఒక మనిషి కోసం రాసింది కాదు. ప్రతి అరగంటకీ ఒక వేరే మనిషి వచ్చి టీవీ ముందు కూర్చుని, తన పని చూసుకుని లేచి వెళ్లిపోతాడు.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు, పుట్టుక నుంచీ ఉన్నదే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ అనే ప్రయోగం చేశారు. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరికొక టీవీ. పొద్దున బడి పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకి వ్యవసాయం, ఆరోగ్యం, కాస్త వినోదం. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న వచ్చాయి. మొదటి న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ గారు టెలీప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తల స్క్రిప్టు కంఠతా పట్టి చదివేవారు. ఏడింటికి వార్తలంటే ఏడింటికే, జనం గడియారాలు సరిచేసుకునేవాళ్లు. దూరదర్శన్, ఆకాశవాణిల కోసం ప్రసారభారతి చట్టం 1990లో వచ్చింది, అందులో ఈ ఛానళ్లు ఏం చెయ్యాలో రాసిన జాబితా చూడండి. చదువు, వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం, సైన్సు, అన్నీ ఉంటాయి. చట్టంలో రాసిన ఆ జాబితా మా క్యూషీట్‌లో గంటల కింద ముక్కలై కనిపిస్తుంది, అంతే తేడా.

పదకొండూ నలభై ఒకటి

కల్యాణం లైవ్ అంటే మాకు ఏడాదికోసారి వచ్చే పరీక్ష. నవమి కల్యాణానికి అభిజిత్ లగ్నం, మిట్టమధ్యాహ్నం వేళ. ముహూర్తం ఎవరికోసమూ ఆగదు. కానీ ముహూర్తానికి ముందువీ తర్వాతవీ మాత్రం ఎంతైనా సాగుతాయి. పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు తెచ్చే పెద్దమనిషి ఎప్పుడొస్తారన్నది ఆయన కాన్వాయ్ చేతిలో ఉంటుంది. వ్యాఖ్యాతలిద్దరూ మహాపండితులు, మైకు వదలరు.

ఆ రోజు పెద్దమనిషి పదకొండుంపావుకి రావాలి, పదకొండూ నలభైకి వచ్చారు. నెత్తిన పట్టువస్త్రాల పళ్లెంతో మండపంలోకి అడుగుపెట్టారు, మేళం జోరందుకుంది, కెమెరా ఆయన మీదకి వెళ్లింది. సరిగ్గా అప్పుడు స్క్రీన్ నల్లబడింది.

తర్వాత తెలిసిందేంటంటే, ఎండ దెబ్బకి మా వ్యాన్‌లో అప్‌లింక్ ఆంప్లిఫయర్ వేడెక్కి ట్రిప్ అయ్యింది. అక్కడ కెమెరాలు నడుస్తున్నాయి, రికార్డింగూ అవుతోంది, సిగ్నల్ మాత్రం ఉపగ్రహానికి పోవట్లేదు. మా మాస్టర్ కంట్రోల్ రూమ్‌లో ఇంజనీరుగారు ఫోన్ అందుకుని వ్యాన్‌వాళ్ల మీద కేకలు. నేను స్టాండ్‌బై ఫిల్లర్ నొక్కాను. "అంతరాయానికి చింతిస్తున్నాం" అనే కార్డు పెట్టొచ్చు కానీ కల్యాణం మధ్యలో ఆ కార్డు బాగుండదని, లైవ్‌లకి ముందే ఒక ఫిల్లర్ పక్కన పెట్టుకోవడం మా అలవాటు.

ఆ ఫిల్లర్ ఎంచుకోవడంలో ఉంది అసలు కథ. ముందురోజు సాయంత్రం కొత్తగా వచ్చిన కుర్రాడికి చెప్పాను, "తమ్ముడూ, కల్యాణం మధ్యలో లింకు పోతే వెయ్యడానికి మూడు నిమిషాలది ఏదైనా పెట్టు, సందర్భానికి దగ్గరగా ఉండాలి" అని. వాడు బుద్ధిమంతుడు. లైబ్రరీ కంప్యూటర్లో "పెళ్లి" అని కొట్టాడు. మూడు నిమిషాలది ఒకటి దొరికింది. పేరు చూసి పెట్టాడు. నేను పేరు కూడా చూడకుండా సంతకం పెట్టాను.

బాల్యవివాహాలు నేరం. ఆడపిల్లకి పద్దెనిమిది, మగపిల్లాడికి ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి చేస్తే జైలు. సీతారాముల కల్యాణం మధ్యలో, మూడు నిమిషాలు, రంగుల్లో.

లింకు రెండు నిమిషాల నలభై సెకన్లకే తిరిగొచ్చింది, ఫిల్లర్ మధ్యలో కోసేసి మండపంలోకి వెళ్లిపోయాం. కానీ అప్పటికే డ్యూటీ రూమ్‌లో రెండు ఫోన్లూ మోగుతున్నాయి. భక్తులకి కోపం వచ్చింది అనడం చాలా చిన్నమాట. ఒకాయన మా డ్యూటీ ఆఫీసర్ గారిని పట్టుకుని "మీరు హిందువులేనా, కాదా?" అని అడిగారు. మా ఆఫీసర్ గారి ఇంట్లో తాతముత్తాతల కాలం నుంచీ గుళ్లో అర్చకత్వం ఉంది, పాపం. ఏం మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి నావైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను కుర్రాణ్ణి ఏమీ అనలేదు, సంతకం నాది కదా.

పన్నెండున్నర

ఇది మేం బాగా చేసిన భాగం, అందుకే తొందరగా చెప్పేస్తాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి జీలకర్ర-బెల్లం అయిపోయింది కానీ మాంగల్యధారణ ఇంకా కాలేదు. స్టూడియోలో డాక్టరుగారు మేకప్ వేయించుకుని ఏసీలో కూర్చుని ఉన్నారు. ఫోనిన్‌కి ముందే లైన్లో ఉన్నవాళ్ల పేర్లు రాసుకున్నాం. ఒంటిగంట వార్తలు కదలవు. డ్యూటీ ఆఫీసర్ గారు "ఏం చేద్దామయ్యా?" అన్నారు. మాంగల్యధారణ ముందు కోస్తే మనం ఈ బిల్డింగ్‌లోంచి బయటికి పోలేం సార్ అన్నాను. తలంబ్రాల దాకా ఉందాం, డాక్టరుగారిని ఒంటిగంట లోపు పది పన్నెండు నిమిషాలు వేసి, వార్తల తర్వాత ఒకటింపావుకి మళ్లీ కొనసాగిద్దాం, నాటిక ఎత్తేద్దాం. ఆయన సరేనన్నారు.

పన్నెండూ నలభై ఏడుకి తలంబ్రాల మీద నుంచి మెల్లగా స్టూడియోకి వచ్చాం. యాంకరమ్మ చక్కగా ఇప్పుడు కొంచెం, వార్తల తర్వాత ఇంకొంచెం అని చెప్పింది. మొదటి ఫోను ఒక పెద్దావిడది, వెనక తన టీవీలోంచి తన గొంతే ఆలస్యంగా వినబడి ఆవిడ తికమకపడుతుంటే, ఈ దేశంలో ఫోనిన్ చేసిన ప్రతి యాంకరూ చెప్పే ఆ మాట చెప్పింది, "అమ్మా, మీ టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి". ఈ ఆలస్యం ఎందుకంటే మా సిగ్నల్ భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉన్న ఉపగ్రహానికి వెళ్లి దిగిరావాలి. దానికే పావు సెకను. మధ్యలో ఎన్‌కోడర్లు, సెట్‌టాప్ బాక్సులు అన్నీ కలిపి ఇంకో సెకనో రెండో తింటాయి. ఈ ఆలస్యం సంగతి గుర్తుపెట్టుకోండి.

మొత్తానికి వడదెబ్బ కార్యక్రమం రెండు ముక్కలైనా పూర్తిగా వెళ్లింది. ఎండకి పనికెళ్లే ఉపాధి కూలీ ఒకాయన అడిగిన ప్రశ్నకి డాక్టరుగారు ఓఆర్‌ఎస్ ఎలా కలుపుకోవాలో నిదానంగా చెప్పారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. క్యాంటీన్‌లో పులిహోర తిన్నాం. ఆ పెద్ద గండం గడిచిందని నేను ఆ రోజు డ్యూటీ అయిపోయినట్టే కూర్చున్నాను.

మూడు గంటలు

రెండూ ఇరవైకి పైనుంచి ఫోన్. పట్టువస్త్రాల ఘట్టం లైవ్‌లో పోయింది కదా, వ్యాన్‌లో రికార్డింగు ఉంది కదా, ఆ భాగం కలిపి కల్యాణం గంటసేపు ఎడిట్ చేసి మళ్లీ వెయ్యండి. ఇవాళే. ఎప్పుడు వెయ్యాలి అంటే, ఎడిట్ మూడింటికి సిద్ధమవుతుంది, మూడింటికే.

క్యూషీట్ తీసి చూశాను. మూడు నుంచి నాలుగు, పదో తరగతి లెక్కలు, రికార్డెడ్. రికార్డెడే కదా. ఎప్పుడైనా వేసుకోవచ్చు. నాలుగున్నరకి జరిపాను, జానపద గీతాలు ఎత్తేశాను. ఈ నిర్ణయానికి నాకు ఒక నిమిషం కూడా పట్టలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఆ గంట ఎంచుకున్నది పైవాళ్లే అయినా, పాఠం జరిపితే ఫరవాలేదని వాళ్లకి చెప్పింది నేనే. స్క్రోల్ వెయ్యాలని గుర్తొచ్చేసరికి రెండూ యాభై రెండు.

మూడూ పదికి డ్యూటీ రూమ్ ఫోన్ నా చేతికొచ్చింది. ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి లెక్కల మేడమ్. కోపంగా ఏమీ లేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"సార్, మూడింటికి లెక్కల పాఠం ఉందని వారం ముందే బోర్డు మీద రాసి పెట్టాం. త్రికోణమితి, ఎత్తులు-దూరాలు. అరవైమంది పిల్లల్ని కూర్చోబెట్టాను సార్."

"మేడమ్, ఇవాళ నవమి కదా, కల్యాణం..."

"కల్యాణం పొద్దున చూశాం సార్. పిల్లలు పానకం కూడా తాగారు. పాఠం ఎప్పుడేస్తారు?"

నాలుగున్నరకి అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

"నాలుగింటికి తల్లిదండ్రులొస్తారు సార్. పండగ కదా, ఆరింటిదాకా పిల్లల్ని చూసుకోవడానికి పర్మిషన్ ఇచ్చాం. పాఠం అయ్యాకే లోపలికి రండని గేటు దగ్గర చెప్పి పెట్టాను."

ఆ ఏడు నవమి పరీక్షల మధ్యలో పడింది. లెక్కల పేపరు ఇంకా మూడు రోజులుంది. జియో రాకముందు సంగతి ఇది, హాస్టల్లో నెట్ లేదు, ఒక టీవీ ఉంది, మేడ మీద డీడీ ఫ్రీ డిష్ ఉంది. నెలనెలా రీచార్జి అక్కర్లేని డిష్ అది, అందుకే పెట్టుకున్నారు. నేను "సారీ మేడమ్" అన్నాను. ఆవిడ "సరే సార్" అని పెట్టేసింది. మూడూ ఇరవై అయిదుకి మళ్లీ చేసింది, ఇప్పుడేమైనా మధ్యలో వేస్తారా అని. లేదన్నాను. వెనక పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి, టీవీలో పట్టువస్త్రాల మేళం కూడా.

నాలుగున్నరకి పాఠం వేశాం. బాగా తీసిన పాఠం, ఒక రిటైర్డ్ మాస్టారు దీపస్తంభం, నీడ, కోణం బొమ్మ గీసి చెప్పారు. ఆ అరవైమంది మాత్రం చెట్ల కింద అమ్మానాన్నల పక్కన కూర్చుని ఉంటారు. అలా కూర్చోవడం తప్పేమీ కాదు. ఆ రోజు వాళ్లకి రెండూ దక్కేలా ఒక టీచరమ్మ గేటు దగ్గర నిలబడి ఏర్పాటు చేసింది, నేను నిమిషంలో అందులో ఒకటి పడగొట్టాను.

రిజిస్టర్ చెప్పినది, చెప్పనిది

రాత్రి రిపోర్టు రాయాలి. డ్యూటీ రూమ్ రిజిస్టర్ తీశాను. బాల్యవివాహాల ఫిల్లర్ మీద నలభై దాటాయి ఫోన్లు. నాటిక ఎత్తేసినందుకు రెండు. పట్టువస్త్రాలు మళ్లీ వేసినందుకు థాంక్స్ చెప్తూ ఒకటి, అది కూడా ఎవరు చేయించారో నాకు తెలుసు. లెక్కల పాఠం మీద ఒకరే, రెండుసార్లు. ఈ లెక్కన రిపోర్టులో పాఠం గురించి ఒక వాక్యం కూడా పట్టదు. నేను మొదట రాసిన కాగితంలో నిజంగానే లేదు.

ఫిల్లర్ తప్పు పెద్దదే, నవ్వులపాలయ్యాం. కానీ దానివల్ల ఎవరికీ ఏమీ పోలేదు. కల్యాణం జరిగింది, చూసేవాళ్లు చూశారు, తిట్టేవాళ్లు తిట్టారు. పాఠం జరపడంవల్ల ఎంతమందికి పోయిందో మాత్రం ఆ రిజిస్టర్లో ఎప్పటికీ తేలదు. డ్యూటీ రూమ్‌కి ఫోన్ చేసి దబాయించే అలవాటు కొంతమందికి ఉంటుంది, వాళ్లకి మా నంబరు నోటికొచ్చు. గదిలో చాపల మీద కూర్చుని టీవీలో పాఠం కోసం ఎదురుచూసే పిల్లలకి మా నంబరు ఉంటుందని కూడా తెలియదు. ఆ ఒక్క మేడమ్ చేసిందంటే అది ఆవిడ గుణం.

అసలు ఎక్కడ పొరపడ్డానని వారంపాటు ఆలోచించాను. క్యూషీట్‌లో ఒక గడి ఉంటుంది, లైవా రికార్డెడా అని. మేం ఎప్పుడు దేన్ని జరపాలన్నా కళ్లు ఆ గడి మీదకి పోతాయి. లైవ్ అయితే కదపం, రికార్డెడ్ అయితే జరుపుతాం. ఇంజనీరింగ్ లెక్కకి అది సరైనదే. కానీ పాఠం రికార్డింగ్ అయ్యింది మాకు. ఆ పిల్లలకి అది లైవే. బోర్డు మీద రాసుకుని, వంట ముందే ముగించి, గేటు దగ్గర పెద్దవాళ్లని ఆపి కూర్చున్నవాళ్లకి మూడు గంటల పాఠం మూడింటికే ఉంటుంది, నాలుగున్నరకి ఉండదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే. దీని కోసం ఎవరైనా పనులు సర్దుకుని కూర్చుంటారా? ఆ ప్రశ్నకి క్యూషీట్‌లో గడి లేదు.

మేకులు

డ్యూటీ ఆఫీసర్ గారికి ఇదంతా చెప్తే, ఆయన కాసేపు విని, "అయితే గడి పెట్టు" అన్నారు. అంత సులువుగా ఒప్పుకుంటారనుకోలేదు. అప్పట్నుంచి మా షిఫ్ట్ క్యూషీట్‌లో ఎర్ర పెన్నుతో కొన్నిటి పక్కన "మేకు" అని రాయడం మొదలుపెట్టాం. మేకు కొట్టింది కదలదు. మిగతావి జారుడు, అటూ ఇటూ జరపొచ్చు.

ఏది మేకు, ఏది జారుడు అన్నదాని మీద జరిగిన గొడవ చూడాల్సింది. వార్తలు, పాఠాలు, ఫోనిన్, రైతుల ప్రోగ్రాం, వీటిలో పేచీ లేదు. నృత్యం జారుడు అన్నామని సంగీత-నృత్య విభాగం ప్రొడ్యూసర్ గారు మూడు రోజులు మాతో మాట్లాడలేదు, "మా కూచిపూడి మీకు జారుడుబండా?" అని. ఎనిమిది గంటల సీరియల్ వినోదం కదా, జారుడే అనుకున్నాం. దాని మీద మా మేకప్ అక్క ఎదురుతిరిగింది. "మా అత్తగారు ఏడున్నరకే అన్నం తినేసి, గిన్నెలు కడిగేసి కూర్చుంటుంది, ఆవిడ సర్దుకుని కూర్చోవట్లేదా?" అంది. సమాధానం లేదు. సీరియల్‌కీ మేకు కొట్టాం. నిజానికి ఆ మీటింగులో అందరికంటే బాగా విషయం పట్టుకున్నది ఆవిడే.

ఇంకో మూడు మార్పులు చేశాం. లైవ్‌కి పెట్టే స్టాండ్‌బై ఫిల్లర్ డ్యూటీలో ఉన్నవాడు స్వయంగా చూడాలి, పేరు చూసి కాదు, మొదట్నుంచి చివరిదాకా. కల్యాణాల కోసం ఒక రీలు ప్రత్యేకంగా తయారు చేయించాం, నది, గోపురం, వెనక నాదస్వరం, మాట ఒక్కటి కూడా లేదు. తప్పనిసరై పాఠం జరపాల్సి వస్తే అదే రోజు సాయంత్రానికి కాదు, మర్నాడు అదే గంటకి జరపాలి. ఇది మాకు ఆ హాస్టల్ మేడమే నేర్పింది. జనం టైంటేబుల్ గంటల్లో ఉంటుంది. రోజు మారినా ఎలాగో సర్దుకుంటారు, గంట మారితే వాళ్ల పొయ్యి, బస్సు, కరెంటు, అన్నీ అడ్డం వస్తాయి.

అన్నీ నిలిచాయని చెప్పను. ఎవరైనా పెద్ద నాయకుడు చనిపోయి సంతాప దినాలు ప్రకటిస్తే వినోదం మొత్తం ఎత్తెయ్యాలి, ఆ తొందరలో ఒకసారి పాఠాలు కూడా ఎత్తేశారు. పాఠం వినోదం కాదండీ అని మూడు గదులు తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఢిల్లీ నుంచి ప్రధాని ప్రసంగం వస్తే ఏ మేకూ ఆగదు, అన్ని కేంద్రాలూ కలవాల్సిందే. 2016 నవంబర్ 8న రాత్రి ఎనిమిదింటికి అదే జరిగింది, సీరియల్ మేకు ఊడిపోయింది. అత్తగారు ఏమన్నారని మర్నాడు మేకప్ అక్కని అడిగాను. "ఏమంటుంది, పోపుల డబ్బాలోంచి అయిదొందల నోట్లు తీసి లెక్కపెట్టుకుంటోంది" అంది. కొత్త అధికారి వచ్చాక ఎర్ర పెన్ను ఎందుకని ఒకసారి అడిగారు, చెప్పాం, తలూపారు, తర్వాత కొన్నాళ్లకి క్యూషీట్ కంప్యూటర్లోకి మారినప్పుడు ఆ గడి అందులో రాలేదు. మేం ప్రింటు తీసుకుని దాని మీద రాసుకునేవాళ్లం.

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో బడి పాఠాలు డీడీ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో మొదలయ్యేనాటికి నేను ఆ పని మానేశాను. మా పక్కింట్లో తరగతులవారీ గంటల పట్టిక ఫ్రిజ్ మీద అంటించారు, ఇద్దరు పిల్లలకీ రెండు రంగుల్లో. దాన్ని చూసినప్పుడల్లా నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతికేది.

చివరగా ఒకటి మిగిలింది. ఆ తర్వాతి ఏడాది నవమి కూడా నా డ్యూటీలోనే పడింది, నేనే అడిగి వేయించుకున్నాను. కల్యాణం ఈసారి పన్నెండూ నలభైకే అయిపోయింది, లింకు పోలేదు, నాదస్వరం రీలు వాడే అవసరమే రాలేదు. పునఃప్రసారం రాత్రి తొమ్మిదికి పెట్టాం. రెండూ యాభై ఆరుకి డ్యూటీ రూమ్ నుంచి ఫోన్ నాకు కలిపారు.

"సార్, ఇవాళ పాఠం ఉంటుందా?"

గొంతు గుర్తుపట్టాను. ఉంటుంది మేడమ్ అన్నాను. ఆవిడ పెట్టెయ్యలేదు, నమ్మకం లేక కాబోలు, లైన్లోనే ఉండిపోయింది. నేనూ పెట్టలేదు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. వెనక పిల్లలు గుసగుసలాడుతున్నారు, ఎవరో కిటికీ వేస్తున్నారు. మూడు కాగానే నా ముందున్న మానిటర్లో పాఠం ట్యూన్ మొదలైంది. ఒక సెకను, రెండు సెకన్లు. అప్పుడు ఫోన్లో, వాళ్ల టీవీలోంచి, అదే ట్యూన్.